తొట్టినీళ్ల జ్వరం

(నగర్తపేట, బెంగళూరు: స్మారక ఉపన్యాస పాఠం)

1883లో రోనాల్డ్ రాస్ అనే ఇరవై ఆరేళ్ల సైనిక వైద్యుడు బెంగళూరు దండుకి తాత్కాలిక గ్యారిసన్ సర్జన్‌గా వచ్చాడు. బంగళా బాగుంది, ఊరు చల్లగా ఉంది, దోమలు మాత్రం ప్రాణం తీస్తున్నాయి. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయని వెతుకుతూ కిటికీ బయట ఉన్న నీళ్ల తొట్టిలోకి తొంగి చూశాడు. నీళ్ల నిండా పురుగులు లుకలుకలాడుతున్నాయి. తొట్టి బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి. ఈ సంగతి దండులోని ఒక అధికారికి చెప్పి, మెస్సు చుట్టూ ఉన్న తొట్లూ డబ్బాలూ కూడా ఖాళీ చేయిద్దామన్నాడు. ఆయన ససేమిరా అన్నాడు. దోమల్ని కూడా సృష్టిలో ఏదో పనికే పుట్టించి ఉంటారు, ఓర్చుకోవడమే మనిషి పని అన్న ధోరణిలో మాట్లాడాడని రాస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ దండు ఈ పేటకు ఎంతో దూరం కాదు. కెంపేగౌడ 1537లో కట్టించిన కోట, దాని చుట్టూ వృత్తికో వీధి చొప్పున వెలసిన పేటలు ఒకవైపు. తెల్లదొరల దండు ఇంకోవైపు. అక్కిపేట బియ్యానికి, కుంబారపేట కుండలకు, గాణిగరపేట నూనెకు. నగర్త వర్తకుల పేరు మీద ఈ నగర్తపేట. రాస్ తొట్టి బోర్లించిన నాటికి పేటలో ఇంటింటి కొళాయి లేదు. బావి నీళ్లు, చెరువు నీళ్లు మోసుకొచ్చి ఇంట్లో నింపి పెట్టుకోవలసిందే. ఇవాళ పేటలో కొళాయి ఉంది, సంపు ఉంది, మేడ మీద సింటెక్స్ ట్యాంకు ఉంది. మోసుకొచ్చి నింపుకొనే బతుకు పేటను వదిలి పల్లెకు పోయింది. దోమ మోసుకొచ్చే డెంగీ జ్వరం కథ అర్థం కావాలంటే ముందు పట్టుకోవలసిన కొస అదే.

ఈ ఉపన్యాసం యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరి, 1948 ఆగస్టులో అక్కడే కన్నుమూసిన ఈ తెలుగువాడికి దోమతో దగ్గరి లెక్క ఉంది. ఆయన పుట్టిన గోదావరి డెల్టాలో బోదకాలు లేని ఊరు అరుదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికన్ సైనికులకు అదే ఫైలేరియా పట్టుకున్నప్పుడు సుబ్బారావు పనిచేసే లెడర్లీ ప్రయోగశాలలో మందు కోసం వెతుకులాట మొదలైంది. సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్‌ను బయటికి తెచ్చింది. ఫైలేరియా జిల్లాల్లో ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే. అంటే ఒక దోమ జబ్బుకు తెలుగువాడు మందు కనిపెట్టాడు. మలేరియాకు క్వినైన్ నుంచి ఆర్టిమిసినిన్ దాకా ఎన్నో వచ్చాయి. డెంగీ వైరస్‌ను చంపే మందు మాత్రం ఇంతవరకూ లేదు. మన దేశంలోనే తయారైన డెంగీఆల్ టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో హర్యానాలోని రోహ్‌తక్‌లో మొదలైంది. ఆ ఫలితం వచ్చేదాకా చేతిలో ఉన్న ఆయుధం 1883లో రాస్ చేసిన పనే. తొట్టి బోర్లించడం.

ఇంత చిన్న పని నూట నలభై ఏళ్లుగా ఎందుకు జరగడం లేదన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం. జనానికి అవగాహన లేక, అని తేలిగ్గా అనేస్తారు. అది సగం నిజం. మిగతా సగం నీళ్ల కొళాయిలో ఉంది.

డెంగీని పట్నపు జబ్బు అనుకోవడం మనకు అలవాటు. 1963లో కలకత్తాలో అది పెద్ద ఎత్తున విరుచుకుపడింది, మరుసటి ఏడే తూర్పు తీరం వెంట విశాఖపట్నానికి దిగింది. ఆంధ్ర వైద్యులు అప్పుడు రోగుల మీద చేసిన పరిశీలనలు 1965లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. 1996లో ఢిల్లీలో పది వేలకు పైగా కేసులు, నాలుగు వందలకు పైగా మరణాలు. పేర్లన్నీ నగరాలవే కాబట్టి పల్లె ఊపిరి పీల్చుకుంది. ఆ ధీమాను 2006 పటాపంచలు చేసింది. అయితే వచ్చింది డెంగీ కాదు, దాని తోడికోడలు చికున్‌గున్యా.

2005 చివర్లో ఆంధ్రలో మొదలైన ఆ జ్వరం అనంతపురం, కడప పల్లెల మీదుగా కర్ణాటకలోకి ఎగబాకింది. కోలారు, తుమకూరు పల్లెల్లో ఇంటింటా మంచం పట్టారు. కీళ్లు పట్టేసి, నడుం వంగి, గోడ పట్టుకుని నడిచిన వాళ్ల జ్ఞాపకం ఆ ప్రాంతంలో ఇంకా పచ్చిగానే ఉంది. 2006లో దేశం మొత్తంలో నమోదైన 13.9 లక్షల అనుమానిత కేసుల్లో సగానికి పైగా ఒక్క కర్ణాటకవే. ఈ జ్వరాన్నీ డెంగీనీ ముఖ్యంగా మోసేది ఒకటే దోమ, ఈడిస్ ఈజిప్టై. కాళ్ల మీద తెల్ల పట్టీలున్న నల్ల దోమ. ఆ సంఖ్య చెప్పింది ఒకే మాట: ఈ దోమ అప్పటికే పల్లెలో కాపురం పెట్టింది, వైరస్ రావడమే ఆలస్యం.

వైరస్‌కు దారి చూపేది మనిషే. దోమ తన జీవితమంతా కలిపినా పుట్టిన తొట్టి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. బెంగళూరు నుంచి బాగేపల్లికి అది ఎగిరి రాదు. కలాసిపాళ్యంలోనో మెజెస్టిక్‌లోనో బస్సెక్కి ఒంట్లో వెచ్చగా ఉందనుకుంటూ ఇంటికి పోయే కుర్రాడి రక్తంలో వైరస్ టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది. జ్వరం వస్తే అమ్మ దగ్గరికి పోవడం మనకు మామూలు. ఇంటి దగ్గర తొట్టిలో పుట్టిన దోమ ఆ కుర్రాణ్ణి కుడుతుంది. వారం పది రోజుల్లో ఆ దోమ ఒంట్లో వైరస్ పండుతుంది. ఆ తర్వాత అది కుట్టిన ప్రతివాడికీ జ్వరం అంటవచ్చు. పేట దుకాణాల్లో, గోదాముల్లో పనిచేసే వాళ్లలో హిందూపురం, మడకశిర, పావగడ, చింతామణి, ముళబాగిలు వైపు పల్లెల వాళ్లు ఎందరో. పల్లె డెంగీ గురించి నగర్తపేటలో మాట్లాడుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇక తొట్టి దగ్గరికి వద్దాం.

ఆశా కార్యకర్త ఒక ఇంటికి వెళ్తుంది. స్నానాల గదిలో గోడకు ఆనించి కట్టిన సిమెంటు తొట్టి, నడుం ఎత్తు. పైకి నీళ్లు తేటగా కనిపిస్తున్నాయి. టార్చి లైటు ఏటవాలుగా వేసి కదలకుండా ఓ నిమిషం నిలబడుతుంది. నీటి పై పొరకు తోక ఆనించి, తలకిందులుగా వేలాడుతూ సన్నటి పోగుల్లాంటివి కనిపిస్తాయి. తోక చివర ఉన్న గొట్టంతో అవి గాలి పీలుస్తాయి. వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పారిపోతాయి. గరిటెతో నాలుగు తీసి గాజు గ్లాసులో పోసి ఇంటావిడ చేతికిస్తే ఆవిడ ముఖం మారిపోతుంది. ఆ నీళ్లతోనే పొద్దున పిల్లలకు స్నానం చేయించింది మరి. పది కరపత్రాలు చేయలేని పని ఆ గ్లాసు చేస్తుంది.

ఆ ఇంటావిడ సాధారణంగా అనే మాట ఒకటుంది: మురుగు మా ఇంట్లో లేదమ్మా, కాలువ అంతా ఆ పక్క వీధిలోనే. దోమంటే మురుగు అన్న లెక్క మన బుర్రల్లో అంతగా పాతుకుపోయింది. కాలువలో పెరిగేది క్యూలెక్స్. రాత్రి చెవి దగ్గర పాట పాడేది, బోదకాలు తెచ్చేది. ఈడిస్ తీరు వేరు. దానికి తేట నీరు కావాలి, నీడ కావాలి, మనిషి దగ్గరుండాలి. పగలు కుడుతుంది, పొద్దెక్కే వేళా, పొద్దు వాలే వేళా మరీ ఎక్కువ. సిమెంటు తొట్టి, డ్రమ్ము, పశువుల కుడితి తొట్టి, వాడకం లేక పెరట్లో పడేసిన రుబ్బురోలు, పంచరైన టైరు, కొబ్బరి చిప్ప, ఫ్రిజ్ వెనక నీటి పళ్లెం, ఇల్లు కడుతుండగా తడపడానికి నింపిన గుంట, ఏదైనా సరే. మనిషికి శుభ్రంగా కనిపించేదే దానికి పురుటిల్లు.

ఈ తేడా పంచాయతీలకూ పట్టలేదు. జ్వరాలు మొదలైతే వీధి పొడుగునా తెల్లగా బ్లీచింగ్ పౌడర్ గీతలు వెలుస్తాయి. పై అధికారులు వచ్చే రోజు ఆ గీతలు ఇంకాస్త వంకర లేకుండా ఉంటాయి. రోడ్డు మీద చల్లిన బ్లీచింగ్ ఇంటి తొట్టిలోని పురుగును ఏమీ చేయదు. ఆ తర్వాత పొగ యంత్రం. పొగ చూస్తే జనానికి ఏదో జరిగిందన్న తృప్తి, సర్పంచికి ఏదో చేశామన్న తృప్తి, ఫొటోకు కూడా బాగుంటుంది. అది ఎగురుతున్న దోమను చంపుతుంది, నిజమే. ఇంట్లో మంచం కింద, బట్టల వెనక నక్కిన దోమకు తలుపు మూస్తే చాలు, పొగ అందదు. తొట్టిలో ఉన్న పురుగు కొద్ది రోజుల్లో దోమై లేస్తుంది. జబ్బు తీవ్రంగా పాకుతున్న వీధిలో పొగ అత్యవసరానికి పనికొస్తుంది. దాన్నే నివారణ అనుకోవడం పొరపాటు.

గుడ్డు సంగతి తెలిస్తే వారానికోసారి తొట్టి కడగాలన్న నియమం ఎందుకో తెలుస్తుంది. ఈడిస్ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన తడి గోడ మీద నల్లటి చుక్కల్లా అంటిస్తుంది. నీళ్లు ఆ మట్టానికి చేరగానే పొదిగి, పురుగై, ప్యూపా అయి, దోమ కావడానికి వేడి రోజుల్లో ఏడెనిమిది రోజులు పడుతుంది. తొట్టి ఎండిపోయినా గుడ్డు చావదు, నెలల తరబడి కాచుకుని ఉంటుంది. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలు పీచుతోనో బ్రష్షుతోనో గరగరా రుద్దాలి. నీళ్లు తీసేసి అదే తొట్టిని మళ్లీ నింపిన ఇల్లు కష్టమంతా పడి ఫలితం పోగొట్టుకున్నట్టే. తెలుగు రాష్ట్రాల్లో శుక్రవారం డ్రై డే అని ఏళ్లుగా ప్రచారం చేస్తున్నది ఈ ఏడు రోజుల లెక్క మీదే. 2020లో తెలంగాణ ప్రభుత్వం ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని పిలుపునిచ్చిందీ అందుకే. రోజు ఏదైనా ఒకటే, వారం దాటకూడదు.

మంచి నియమమే. దాన్ని పావగడ పల్లెలో ఒక ఇల్లాలికి చెప్పి చూడండి. నీళ్లు పారబోయమంటారా, మళ్లీ ఎప్పుడొస్తాయో మీరు చెప్తారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఏ ఆరోగ్య శాఖ పోస్టరులోనూ జవాబు లేదు.

కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఏడాది పొడుగునా పారే నది లేదు. బోరు వెయ్యి అడుగులు దాటిపోయింది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు ఎత్తిపోసే కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం 2018లో నీళ్లు వదిలింది. అది చెరువులు నింపి భూగర్భ జలాన్ని పెంచడానికే, ఇంటి కొళాయికి కాదు. సరిహద్దు దాటి ఉమ్మడి అనంతపురం జిల్లాకు వస్తే, 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీరు ఇచ్చిన చరిత్ర ఉంది. 2019 నుంచి జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి బిగిస్తోంది. కొళాయి రావడం వేరు, కొళాయిలో వేళకు నీళ్లు రావడం వేరు. రెండు రోజులకో, మూడు రోజులకో, మోటారు కాలిపోతే వారానికో వచ్చే నీళ్లను ఇల్లాలు పట్టి దాచుకోక ఏం చేస్తుంది? ఇంట్లో ఉన్న ప్రతి బిందే, బకెట్టూ, డ్రమ్మూ నింపుతుంది. నీళ్లకు కరువొచ్చిన ఏడు ఇంట్లో నిల్వ పెరుగుతుంది, నిల్వతో పాటు ఈడిస్ పెరుగుతుంది. వానాకాలంలో డెంగీ అందరికీ తెలుసు. ఎండాకాలంలో, కరువు పల్లెలో వచ్చే డెంగీకి మూలం ఈ తొట్లే.

కర్ణాటక ప్రభుత్వం 2024 సెప్టెంబరులో డెంగీని అంటువ్యాధిగా ప్రకటిస్తూ నిబంధనలు సవరించింది. అప్పటికి ఆ ఏడు రాష్ట్రంలో కేసులు 25 వేలు దాటాయి. ఆవరణలో దోమ పురుగు కనిపిస్తే నగరంలో ఇంటికి 400 రూపాయలు, పల్లెలో 200. దుకాణాలకు, సంస్థలకు నగరంలో 1000, పల్లెలో 500. కడుతున్న భవనాలకు, ఖాళీ స్థలాలకు నగరంలో 2000, పల్లెలో 1000 జరిమానా. కట్టడాల యజమానుల మీద జరిమానా న్యాయమే. పునాది గుంటలో నెల తరబడి నీళ్లు నిలవ పెట్టిన బిల్డరును అడిగే హక్కు ఊరికి ఉండాలి. పల్లెటూరి ఇల్లాలి మీద 200 మాత్రం మింగుడు పడదు. వారానికోసారి నీళ్లు వదిలిన పంచాయతీకి జరిమానా ఎంతో ఆ జాబితాలో లేదు.

అంటే పల్లెల్లో ఏమీ జరగలేదని కాదు. జరిగిన మంచి పనులు పట్నం దాకా వినిపించలేదు, అంతే. 2001 డిసెంబరులో తుమకూరు జిల్లాలో మలేరియా మీద కళాజాత నడిచింది. బెంగళూరులోని మలేరియా పరిశోధకులు, ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ముప్పై మంది స్థానిక కళాకారులతో రెండు వారాల పాటు సాయంత్రాలు ఊళ్లలో ఆటపాటలు కట్టారు. దోమ ఎలా పుడుతుందో, చేప దాని పురుగును ఎలా తింటుందో వేదిక మీద ఆడి చూపించారు. రెండు నెలల తర్వాత పోయి అడిగితే, ఆట చూసిన ఊళ్ల వాళ్లకు చూడని ఊళ్ల వాళ్ల కన్నా విషయం బాగా గుర్తుంది. ఉపన్యాసం కన్నా ఆట గుర్తుంటుందని ఉపన్యాస వేదిక మీద ఒప్పుకోవడం కాస్త ఇబ్బందే, అయినా నిజం.

ఆ వేదిక మీది చేప ఉత్త కథ కాదు. గప్పీ అనే వేలెడు కూడా లేని చేపను ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మన దేశానికి తెచ్చారు. గంబూసియా 1928లో వచ్చింది. 2006లో చికున్‌గున్యా తాండవిస్తున్నప్పుడు బెంగళూరు మలేరియా పరిశోధన కేంద్రం వాళ్లు తుమకూరు జిల్లాలోని దొమ్మతమరి, శ్రీనివాసపుర పల్లెల్లో ఇళ్ల లోపలి సిమెంటు తొట్లలో గప్పీలను, కోలారు జిల్లా బాలమందలో గంబూసియాను వేసి చూశారు. ఉత్తినే వేసి పోలేదు. ఎందుకు వేస్తున్నామో ఇంటింటికీ బొమ్మలు చూపించి చెప్పారు. చేపలు ఈడిస్ పురుగును తినేశాయి. ఇంటి తొట్టిలో గప్పీ బాగా బతికింది, గంబూసియా అంతగా నిలవలేదు. ఇందులో చూడవలసిన సుగుణం ఒకటుంది. చేప ఉన్న తొట్టిని వారం వారం పారబోయనక్కర్లేదు. నీళ్లు విలువైన ఊరికి ఇంతకు మించిన ఏర్పాటు ఏముంటుంది? తాగే నీళ్లలో చేపేమిటని మొదట్లో ఇల్లాళ్లు ముఖం చిట్లిస్తారు. స్నానపు తొట్టితో, పశువుల తొట్టితో మొదలు పెడితే చాలు. వేసిన వాళ్లు నెల తర్వాత మళ్లీ వచ్చి చేపలు ఉన్నాయా పోయాయా అని చూస్తేనే ఈ పథకం బతుకుతుంది. మన పథకాలు చచ్చేది ఆ రెండో రాకలోనే.

చేప వద్దనుకుంటే తొట్టిలో పురుగును చంపే అబేట్ మందు ఉంది. ఆరోగ్య సిబ్బంది తగిన మోతాదులో వేస్తే ప్రమాదం లేదు. వాసన నచ్చక సిబ్బంది వీధి మలుపు తిరగ్గానే ఆ నీళ్లు పారబోసే ఇళ్లు ఉన్నాయి. ఎందుకు వేస్తున్నారో చెప్పకుండా ఇంట్లోకొచ్చి తొట్టిలో ఏదో పోసి పోతే ఎవరు ఊరుకుంటారు?

ఈ దారిలో మనకన్నా చాలా ముందు నడిచింది వియత్నాం. అక్కడి పల్లెల్లోనూ ప్రతి ఇంటి ముందూ వాన నీళ్ల కోసం పెద్ద పెద్ద జాడీలు. పాతికేళ్ల కిందట అక్కడి శాస్త్రవేత్తలు, ఆస్ట్రేలియా వాళ్లు కలిసి మెసోసైక్లోప్స్ అనే కంటికి అతి కష్టం మీద కనిపించే నీటి జీవిని ఆ జాడీల్లో వదిలారు. అది అప్పుడే పొదిగిన ఈడిస్ పురుగును తింటుంది. ఆ జీవిని ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి మోసింది మహిళా సంఘాలు, బడి పిల్లలు, ఊరి ఆరోగ్య కార్యకర్తలు. 37 కమ్యూన్లలో 32 చోట్ల ఈడిస్ మాయమైందనీ, 2002 తర్వాత అక్కడ డెంగీ కేసు రాలేదనీ 2005లో లాన్సెట్ పత్రిక అచ్చు వేసింది. నికరాగువా, మెక్సికోల్లో రసాయనాలు లేకుండా వాడల వాళ్లే తమ లెక్కలు తాము తీసి, తమ పని తాము ఎంచుకున్న చోట డెంగీ సోకడం దాదాపు 30 శాతం తగ్గిందని 2015లో తేలింది. మూడు దేశాల్లోనూ జనం వినేవాళ్లుగా మిగిలిపోలేదు. తొట్లు లెక్కపెట్టింది వాళ్లే, ఫలితం చూసింది వాళ్లే. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి, కర్ణాటకలో స్త్రీశక్తి సంఘాలు ఉన్నాయి. అప్పుల పుస్తకం అంత జాగ్రత్తగా రాసే చేతులకు వీధిలో ఏ ఇంటి తొట్టిలో పురుగు ఉందో రాయడం లెక్కలోది కాదు.

ఇంత చేసినా జ్వరం వచ్చే ఇంటికి వస్తుంది. 2023లో దేశంలో 2,89,235 కేసులు, 485 మరణాలు నమోదయ్యాయి. నమోదు కానివి ఎన్నో రెట్లు. పల్లెలో ఈ మరణాల్లో కొన్నింటికైనా కారణం జబ్బు కన్నా దాని చుట్టూ అల్లుకున్న భ్రమలు.

ఒకటి, జ్వరం తగ్గింది కాబట్టి గండం గడిచిందనుకోవడం. డెంగీలో తారుమారు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగే వేళే ప్రమాదపు వేళ. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోయేది అప్పుడే. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, ఒళ్లు చల్లబడడం, మగతగా పడి ఉండడం, మూత్రం తగ్గిపోవడం: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. పసిపిల్లలు, గర్భిణులు, ఇదివరకు ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవాళ్లు మరీ జాగ్రత్త. వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోయాక ఇంకో రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ.

రెండోది ప్లేట్‌లెట్ల భయం. లక్ష కిందికి పడగానే ఇంటిల్లిపాదీ ఏడుపు, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో రక్తదాతల కోసం వేట, తాళిబొట్టు తాకట్టు. రక్తస్రావం లేని రోగికి సాధారణంగా 10 వేల దిగువకు పడేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదన్నదే దేశీయ మార్గదర్శకాల మాట. వైద్యుడు చూడవలసినవి నాడి, బీపీ, మూత్రం, రక్తం చిక్కబడుతోందా లేదా అన్నవి. చాలామందికి కావలసింది నోటి ద్వారా ద్రవాలు, పారాసిటమాల్, కనిపెట్టుకుని ఉండే మనిషి. బొప్పాయి ఆకు రసం తాగితే తాగండి, దాని మీద భారం వేసి ఆసుపత్రి మానకండి. ఒళ్లు నొప్పులకని ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ సూది, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రం డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం ఏదో తేలేదాకా అవి వద్దని మొహమాటం లేకుండా చెప్పాలి. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. ఎలైజా పద్ధతిలో చేసిన పరీక్షనే ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంటుంది, జిల్లా ఆసుపత్రుల్లో అది ఉచితం.

ఇంకొకటి ఎవరూ పెద్దగా చెప్పనిది. జ్వరంతో ఊరికి వచ్చినవాణ్ణి పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. రోగిని కాపాడడానికి కాదు, ఊరిని కాపాడడానికి. జ్వరం ఉన్న ఆ అయిదారు రోజులూ అతన్ని దోమ కుట్టకపోతే వైరస్ ఆ ఇంటి గడప దాటదు. దోమతెర అంటే రాత్రికే అనుకునే మన అలవాటు మార్చుకోవలసింది ఇక్కడే.

సుబ్బారావుకు బోదకాళ్ల ఊరు గుర్తుంది కాబట్టే న్యూయార్కు పక్కన కూర్చుని ఫైలేరియా పురుగు వెంట పడ్డాడని అనుకోవడంలో తప్పు లేదు. ఊరు విడిచి వచ్చినవాళ్లకు ఊరి మీద ఆ మాత్రం బాధ్యత ఉంటుంది. పేటలో డ్రమ్ములు, ట్యాంకులు అమ్మే వర్తకులు ప్రతి డ్రమ్ముతో బిగుతైన మూత ఒకటి, లేదంటే నోటికి కట్టే సన్న జాలీ గుడ్డ ఒకటి ఇవ్వండి. పెద్ద ఖర్చు కాదు. గోదాము మేడ మీద పేరుకున్న డబ్బాలూ టార్పాలిన్ గుంటలూ ఈ ఆదివారమే చూసుకోండి. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి జ్వరమొస్తే బస్సెక్కించి పంపే ముందు రక్త పరీక్ష చేయించండి. ఊళ్లో గ్రామసభ జరిగితే పొగ ఎప్పుడు వేస్తారని అడగడం ఇక చాలు. నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వదులుతారో పంచాయతీ బోర్డు మీద రాయమని అడగండి, రాసిన వేళకు వదలకపోతే మళ్లీ అడగండి.